ఎస్తేరు ఆఖరి సాక్ష్యం

మా చర్చిలో సాక్ష్యాలు వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. మణికొండలో ఒక సందులో, కింద మందుల దుకాణం, మధ్య అంతస్తులో జిమ్ము, దాని మీద రేకుల కప్పు కింద మేము. ప్రతి ఆదివారం పాటలయ్యాక పాస్టరుగారు సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడుగుతారు. ఎందుకుండరు? ఇంటి లోను మంజూరైందని ఒకరు లేస్తారు. కంపెనీలో ముప్పై మందిని తీసేస్తే ఆ జాబితాలో తన పేరు లేకుండా దేవుడు కాపాడాడని ఇంకొకరు లేస్తారు. ఆ ముప్పై మందికి దేవుడు ఏమవుతాడో ఎవరూ అడగరు. ముప్పై రెండేళ్ళు లెక్కల మాస్టారుగా చేసినవాణ్ణి, భాగహారం అయ్యాక శేషం ఎంతని చూడటం నాకు అలవాటు. అయినా సంఘపెద్దను గనక అందరితో పాటు స్తోత్రం అంటాను. అందరికంటే గట్టిగానే అంటాను.

ఇది నా గురించి కాదు, ఎస్తేరు గురించి. కాకపోతే ఆమె కథలో నేను చేసిన వెధవపని ఒకటుంది. దాన్ని తీసేసి చెబితే కథ అబద్ధమైపోతుంది.

ఎస్తేరుది చీరాల దగ్గర పల్లె. పెళ్ళయిన రెండో ఏడు భర్త శామ్యూల్‌తో ఇక్కడికొచ్చింది. రాయదుర్గంలో ఒక పెద్ద కంపెనీలో హౌస్‌కీపింగ్ పని. నాలుగో అంతస్తులో బాత్రూములన్నీ ఆమెవే. ఆ పని గురించి చెప్పమంటే ఏదో ఉద్యోగంలో పై మెట్టు ఎక్కినట్టు చెప్పేది. అక్కడంతా ఏసీ అట, నడి ఎండాకాలంలో కూడా దుప్పటి కావాలనిపిస్తుందట, వాళ్ళ ఊళ్ళో ప్రెసిడెంటుకైనా ఆ చల్లదనం లేదట. పిల్లలు పుట్టలేదు. కొన్నేళ్ళు ఉపవాసాలుండి అడిగింది, తరువాత అడగడం మానేసింది. ఆ మానేయడంలో కోపం లేదు. "ఇచ్చినవి చూసుకుంటేనే రోజు సరిపోతుందండీ" అనేది. ఇన్ని పుస్తకాలు చదివి, ఇంత పెన్షను తింటూ, పొద్దున్నే పేపరు రావడం ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేసే నాకు ఆ మనిషిని చూస్తే అసూయగా ఉండేది. నిజంగానే అసూయ.

ఆమెకు మిగిలిన కోరిక ఒక్కటే. శామ్యూల్ బాప్తిస్మం తీసుకోవాలి. శామ్యూల్ మంచివాడు, తాగడు, ఆమెను పల్లెత్తు మాట అనడు. కానీ చర్చి గుమ్మం దగ్గరే ఆగిపోయేవాడు. దేవుడికీ తనకీ తగాదా ఏమీ లేదని, దానికి నీళ్ళల్లో మునగడం ఎందుకని అతని వాదన. పదకొండేళ్ళు ఆమె వేడుకుంటూనే ఉంది, అతను నవ్వుతూనే ఉన్నాడు.

వాళ్ళుండేది పెద్ద అపార్ట్‌మెంట్ల వెనకాల ఒక కాంపౌండులో. వరసగా ఐదు గదులు, అందరికీ కలిపి ఒకటే పంపు. పక్కగదిలో మహేందర్, స్వప్న, వాళ్ళ ఐదేళ్ళ కూతురు పింకీ ఉండేవాళ్ళు. నాగర్‌కర్నూలు వైపు వాళ్ళు. మహేందర్, శామ్యూల్ ఒకే కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్ళు. ఆఫీసు టవర్ల అద్దాలు బయటి నుంచి తుడవడం ఆ పని. పైనుంచి తాళ్ళతో వేలాడే తొట్టిలో నిలబడి, అంతస్తు తరువాత అంతస్తు కిందికి దిగుతూ తుడుస్తారు. ఆ తొట్టిని వాళ్ళు ఝూలా అంటారు. ఆడవాళ్ళిద్దరూ ఒకరి కూర ఒకరు రుచి చూడందే ముద్ద దిగేది కాదు. ఎస్తేరు ఉపవాసం ఉన్న రోజు స్వప్న సాయంత్రం జొన్నరొట్టె పట్టుకొచ్చి, నీ దేవుడు చూడకముందే తినమని ఆట పట్టించేది.

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, ఎందుకో శామ్యూల్ సరేనన్నాడు. వచ్చే ఆదివారం మునుగుతానన్నాడు. ఎస్తేరు కాళ్ళు నేల మీద నిలవలేదు. పాస్టరుగారు చర్చిలో బాప్తిస్మం తొట్టి కడిగించారు. తీరా శుక్రవారం నాడు ఆదివారం డ్యూటీ శామ్యూల్‌కి పడింది. సూపర్‌వైజరు సెలవు ఇవ్వనన్నాడు. ఈ వారం తప్పితే భర్త మనసు మళ్ళీ మారుతుందని ఎస్తేరు భయం. పంపు దగ్గర నీళ్ళు పట్టుకుంటున్న మహేందర్‌ని ఆమే అడిగింది, తమ్ముడూ ఈ ఒక్క ఆదివారం మీ అన్న బదులు నువ్వు వెళ్తావా అని. మహేందర్‌కి ఆ రోజు సెలవు. పింకీని శిల్పారామం తీసుకుపోతానని మాటిచ్చి ఉన్నాడు. అయినా కాదనలేదు. "ఫికర్ జెయ్యకు వదినా, నేను పోత. అన్నను మంచిగ ముంచుండ్రి, మళ్ళ తేలొద్దు" అని నవ్వాడట.

స్వప్నకు మాత్రం అతను అసలు సంగతి చెప్పలేదు. చెబితే బిడ్డ కంటే పక్కింటి వాళ్ళు ఎక్కువయ్యారా అని గొడవ చేస్తుందని భయపడి ఉంటాడు. ఆదివారం పొద్దున పైవాళ్ళు డ్యూటీ వేశారని చెప్పి బయల్దేరాడు. పింకీ కొత్త గౌను వేసుకుని ఏడుస్తూ కూర్చుంది. సెలవు రోజు కూడా పైసల కోసం ఉరుకుతున్నాడని స్వప్న గుమ్మంలో నిలబడి తిట్టింది. ఆమె అతనితో అన్న ఆఖరి మాటలు అవే.

పదకొండున్నరకు మా చర్చిలో శామ్యూల్ తడి బట్టలతో తొట్టిలోంచి లేచాడు. అందరం పాట అందుకున్నాం. దాదాపు అదే సమయానికి రాయదుర్గంలో ఝూలాకి ఒక పక్క తాడు జారింది. అందులో ఉన్న ఇద్దరిలో ఒకడు బెల్టుకి వేలాడి బతికాడు. మహేందర్ బతకలేదు.

ఆ సాయంత్రం మొగుడూ పెళ్ళాలు మా ఇంటికొచ్చారు. శామ్యూల్ గోడకి ఆనుకుని కూలబడ్డాడు. ఎస్తేరు నిలబడే ఉంది. స్వప్నకు ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తానంది. మహేందర్ ఎవరి కోసం వెళ్ళాడో, ఎవరు అడిగితే వెళ్ళాడో చెప్పాలంది. నేను వద్దన్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చాలా నిదానంగా చెప్పాను. "గాయం పచ్చిగా ఉందమ్మా. ఇప్పుడు చెబితే దాని మీద కారం చల్లినట్టే. దేవుడే సమయం చూపిస్తాడు, అప్పుడు చెబుదువు." ఆ మాట చెప్పినందుకు నా మీద నాకే గౌరవం కలిగింది. ఆమె తల వంచుకుని అలాగేనండీ అంది. నేను పెద్దవాణ్ణి, మాస్టారిని, సంఘపెద్దను. నా మాట ఆమె కాదనేదెప్పుడు?

దినాలకు ఊరెళ్ళిన స్వప్న నెల తిరిగాక పింకీని తీసుకుని మళ్ళీ ఆ గదికే వచ్చింది. గోడ ఒకటే గనక అవతలి మాటలు ఇవతలికి వినిపిస్తాయి. స్వప్న గిన్నెలు తోముతూ, బియ్యం కడుగుతూ చనిపోయిన మనిషిని తిడుతూ ఉండేది. బిడ్డ కంటే పైసలే ఎక్కువాయెనా నీకు అనేది. ఎస్తేరు అది వినలేక మళ్ళీ నా దగ్గరికొచ్చింది. నేను మళ్ళీ అదే చెప్పాను. ఇంకొంచెం ఆగమ్మా అన్నాను. చెప్పిన సలహాను వెనక్కి తీసుకోవడం మాస్టార్లకు చేతకాదు.

ఈలోగా చర్చిలో ఆ సంగతి పాకింది. శామ్యూల్ బదులు వేరే మనిషి ఎక్కాడని, బాప్తిస్మమే అతన్ని కాపాడిందని. ఇంత మేలు పొంది కృతజ్ఞతా కూడిక పెట్టకపోవడమేమిటని ఒకరి తరువాత ఒకరు ఎస్తేరుని పట్టుకున్నారు. మేలు జరిగితే ఇంట్లో కూడిక పెట్టి, పదిమంది ముందు సాక్ష్యం చెప్పి, అన్నం పెట్టడం మాలో పద్ధతి. పెట్టకపోతే దేవుడికి ద్రోహం చేసినట్టు చూస్తారు. ఆమె రెండు నెలలు తప్పించుకుంది. చివరికి పాస్టరుగారు స్వయంగా తేదీ పెట్టేశారు.

కూడికకు గోడ అవతలి మనిషిని పిలవకుండా ఎలా? ఎస్తేరు వెళ్ళి భోజనానికి రమ్మంది. ఇందులో ఇంకో పద్ధతి ఉంది. మా కూడికలకు హిందువులైన ఇరుగుపొరుగును పిలిస్తే వాళ్ళు ప్రార్థన అంతా అయ్యి ఆమెన్ వినబడ్డాకే వస్తారు. భోజనం చేసి వెళ్తారు. వాళ్ళకీ ఇబ్బంది ఉండదు, మాకూ ఉండదు. ఎస్తేరు ఆ లెక్కలోనే ఉంది. కానీ ఎస్తేరుకు వడ్డించడానికి అక్కాచెల్లెళ్ళెవరూ లేరని స్వప్న ముందే వచ్చేసింది. ఆ గదుల డాబా మీద షామియానా కింద మేమంతా కళ్ళు మూసుకుని ఉంటే, ఆమె మెట్ల దగ్గర కూర్చుని పెరుగుచట్నీకి ఉల్లిపాయలు తరుగుతోంది. మేమెవరమూ చూడలేదు.

ఎస్తేరు మైకు ముందుకొచ్చి నిలబడింది. పాస్టరుగారు ధైర్యం చెప్పారు. అప్పుడు మొదలుపెట్టింది. "ఆ రోజు డ్యూటీ మా ఆయనదండీ. తాడు జారింది ఆయన ఎక్కాల్సిన ఝూలాకే. సరిగ్గా ఆ టైముకి దేవుడు ఆయన్ని తన సన్నిధిలో నిలబెట్టుకున్నాడు. ఆయన బదులు ఇంకొకరు ఎక్కారు." జనం చప్పట్లు కొట్టారు. స్తోత్రం అని నేను అరిచిన అరుపు కింద వీధిలోకి కూడా వినిపించి ఉంటుంది.

కళ్ళు తెరిచేసరికి స్వప్న లేచి నిలబడి ఉంది. చేతిలో కత్తి, ఉల్లిపాయల పళ్ళెం అలాగే ఉన్నాయి. వాటిని మెట్టు మీద పెట్టి, పింకీ చెయ్యి పట్టుకుని దిగిపోయింది. వారం తిరక్కుండానే గది ఖాళీ చేసింది. ఎక్కడికి పోయిందో ఎవరికీ చెప్పలేదు.

ఆ తరువాత ఎస్తేరు సాక్ష్యానికి లేవలేదు. ముందు వరసలో కూర్చునే మనిషి చెప్పుల స్టాండు పక్కకు మారింది. శామ్యూల్ ఆ పని మానేసి ఒక అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్‌గా కుదిరాడు. అతను సాయంత్రం ఇంటికొచ్చి టీ అడిగితే, ఆ టీ ఎవరి వాటాలోదో అన్నట్టు ఆమె చెయ్యి ఆగేదట. నవ్వితే భయం, కొత్త చీర కడితే భయం. ఉన్నదాంతో హాయిగా ఉండగలిగిన ఒక్క మనిషిని నేను చూశాను, ఆ హాయి ఆమెలోంచి వెళ్ళిపోవడం కూడా నేనే చూశాను.

నన్ను మాత్రం అడుగుతూ ఉండేది. "మా ఆయన్ని కాపాడటం దేవుడి చిత్తమైతే, మహేందర్ పడిపోవడం ఎవరి చిత్తమండీ?" నేను చెప్పేవాణ్ణి. మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడని, తాడు సరిగ్గా చూసుకోని మనిషి తప్పు దేవుడిది ఎలా అవుతుందని ఒకసారి. కష్టం మనిషిని పుటం పెడుతుందని ఇంకోసారి. మనం చీరను వెనకవైపు నుంచి చూస్తున్నామని, ఆయనకు ముందువైపు కనిపిస్తుందని మరోసారి. ఆమె శ్రద్ధగా విని అలాగేనండీ అనేది. ఒకరోజు మాత్రం ఆగింది. "చీర వెనకవైపు ఉన్న దారానికి ముందువైపు బాగుంటే ఏంటండీ లాభం?" అంది. నాకు ఒళ్ళు మండింది. దేవుడితో వాదిస్తావా అని కసిరాను. నిజానికి ఆమె వాదించింది నాతో.

మూడేళ్ళ తరువాత ఒకరోజు కొత్తగూడ ఫ్లైఓవరు కింద బస్సు ఆగినప్పుడు ఆమెకు స్వప్న కనిపించింది. అనసూయమ్మ అనే ఆవిడ నడిపే కర్రీ పాయింటులో కూరలు ప్యాకెట్లు కడుతోంది. ఎస్తేరు దిగలేకపోయింది. రాత్రంతా ఆలోచించి పొద్దున్నే మా ఇంటికొచ్చింది. క్షమాపణ అడగాలి, తోడు రండి మాస్టారూ అంది. ఆమె క్షమిస్తే తనకు మళ్ళీ ముద్ద సయిస్తుందేమోనంది. క్షమించకపోతే కనీసం అది తెలుస్తుందంది.

నేను తయారై వెళ్ళాను. తయారై అంటే మాటలు పోగేసుకుని. స్వప్న దేవుడు ఎందుకిలా చేశాడని తప్పకుండా అడుగుతుంది, దేవుడి తరఫున మాట్లాడటానికి సంఘపెద్ద ఉండాలి కదా. పైగా ఆమె హిందువు, కర్మ అంటుందేమో, దానికీ ఒక జవాబు సిద్ధం చేసుకున్నాను. ఆటోలో దారిపొడుగునా మనసులో వల్లె వేసుకున్నాను.

మధ్యాహ్నం మూడున్నరకు అక్కడ రద్దీ ఉండదు. స్వప్న వెనక గదిలో సాయంత్రానికి బెండకాయలు కోస్తోంది. చిక్కిపోయింది గానీ నిబ్బరంగా ఉంది. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. రెండు స్టూళ్ళు వేసి, పింకీ మూడో తరగతికి వచ్చిందని చెప్పి, టీ తెప్పించింది. ఎస్తేరు టీ ముట్టుకోలేదు. చేతులు రెండూ ఒళ్ళో బిగించుకుని, నీ ముందు ఆ సాక్ష్యం చెప్పకుండా ఉండాల్సింది స్వప్నా, ఆ మాట నా నోటెంట రాకుండా ఉండాల్సింది, మూడేళ్ళుగా అదే నన్ను తింటోంది అని ఏడ్చింది.

స్వప్న కత్తిని పక్కన పెట్టింది.

"సాక్ష్యం జెప్తే ఏమాయె అక్కా? నీ పెనిమిటి పైలంగ ఇల్లు జేరిండు, నీ దేవునికి మొక్కినవు. మా ఆయన గట్ల వస్తే నేను గూడ మైసమ్మకు కోడిని కోసి నలుగురిని పిలుస్తుంటి. అందుల నాకు కోపం లేదు."

ఎస్తేరు తలెత్తి చూసింది. నేను గొంతు సవరించుకున్నాను. స్వప్న నా వైపు చూడలేదు.

"నువ్వు జెప్పినందుకు గాదు. అంతకు ముందు రెండు నెలలు జెప్పనందుకు. సచ్చిపోయినోన్ని దినాం తిట్టిన. పైసల కోసం పోయిండని ఊర్ల వాళ్ళమ్మ ముంగట గూడ తిట్టిన. నువ్వు గోడవతల అన్నీ ఇనుకుంటనే ఉంటివి. అక్క అడిగితే అక్క కోసం పోయిండని ఒక్క మాట జెప్తే, ఆయన్ని తలుసుకొని మంచిగ ఏడుస్తుంటిని గద. నాకు ఏడుపు గూడ లేకుండ జేసినవు."

గదిలో ఎగ్జాస్టు ఫ్యాను తిరుగుతోంది. ఎస్తేరు నా వైపు ఒక్క చూపు కూడా విసరలేదు. మాస్టారు వద్దన్నారు అని అనలేదు. రెండుసార్లు నా గుమ్మం ఎక్కి అడిగి, రెండుసార్లూ వెనక్కి పోయిన మనిషి, స్వప్న చేతులు పట్టుకుని, తప్పు నాదే, చెప్పాల్సింది, నోరు రాలేదు అంటోంది. మూడేళ్ళు తను పశ్చాత్తాపపడింది అసలు పాపానికి కాదని తెలిసి కూడా, ఆ పాపం వేరొకరిదని చెప్పకుండా దాన్ని కూడా నెత్తిన వేసుకుంది.

ఆమె అలా ఊరుకోకపోతే నేను ఊరుకునేవాణ్ణే. ఒప్పుకుంటున్నాను.

"చెప్పొద్దన్నది నేనమ్మా" అన్నాను. "ఆ రోజే వచ్చి చెప్పేస్తానంది. నేనే ఆపాను. మళ్ళీ అడిగితే మళ్ళీ ఆపాను."

స్వప్న అప్పుడు నా ముఖంలోకి చూసింది. కోపంగా కాదు. నిజంగా తెలియక అడిగే పిల్లలా చూసింది.

"ఎందుకు సారు?"

దేవుడి తరఫున నా దగ్గర నాలుగు జవాబులున్నాయి. నా తరఫున ఒక్కటీ లేదు. గాయం పచ్చిగా ఉందని అన్న మాట నోటిదాకా వచ్చింది, దాన్ని ఆమె ముందు అనడానికి సిగ్గేసింది. స్వప్న లేచి, చల్లారిన టీ గ్లాసులు తీసుకుని వెళ్ళింది.

ఇప్పుడు ఎస్తేరు ఆదివారం ఆరాధన అవగానే కొత్తగూడ వెళ్తుంది. ఆదివారం కూరలకు గిరాకీ ఎక్కువ, తరగడానికి ఇంకో మనిషి కావాలి. స్వప్న రమ్మనలేదు, రావద్దనలేదు. ఇద్దరూ మహేందర్ గురించి మాట్లాడుకుంటారట. అతను పంపు దగ్గర వేసిన వేళాకోళాలు పింకీకి చెబుతారట. క్షమించిందా అని నేనడిగితే, అడగలేదండీ, అడగాలని కూడా అనిపించట్లేదు అంది. ఆమె ముఖం తేటపడింది. దేవుడు మహేందర్‌ని ఎందుకు ఆపలేదో ఆమెకు ఇప్పటికీ తెలియదు. నన్ను అడగడం మాత్రం మానేసింది.

మాస్టారూ, మీరూ ఒకసారి రండి, స్వప్న మిమ్మల్ని అడిగింది అని మూడుసార్లు పిలిచింది. వెళ్ళి ఏం చెప్పను? స్వప్న ఆ రోజు అడిగినదానికి జవాబు దొరికాక, సమయం చూసుకుని వెళ్దామనుకున్నాను. ఏడాది దాటింది.